అవతలి మనిషి నొప్పి

పట్టీ నుదుటికి బిగించుకోగానే డాక్టర్ వకుళకి ఎడమ చెంపలో నిప్పుకణిక దూర్చినట్టయింది. అలాంటిదే మరో పట్టీ పెట్టుకుని ఎదురు కుర్చీలో జుహురా కదలకుండా కూర్చుంది.

"రోజూ ఇలాగే ఉంటుందా అమ్మా?"

"రోజూ." చెవిలోని యంత్రం ఆమె స్వాహిలీని తెలుగు చేసి చెప్పింది.

విశాఖలో వకుళ తయారుచేసిన ఈ పరికరం ఒకరి మెదడులో నొప్పి తాలూకు సంకేతాలను చదివి, రెండో మనిషి మెదడులో అదే చోట, కాస్త తక్కువ బలంతో రేపుతుంది. ఒకసారి రేవులో దిగిన విదేశీ నావికుడి కడుపునొప్పి ఎక్కడిదో దీంతోనే తేలింది. అతను ఓడ ఓడకీ చెప్పాడు. మాటల్ని అనువదించే యంత్రాలు ఊరూరా ఉన్నాయి. నొప్పిని అనువదించేది ఇదొక్కటే. సముద్రాలు దాటి రోగులు రావడం మొదలైంది.

జాంజిబార్ నుంచి వచ్చిన జుహురాది ముఖనరం జబ్బు. ఉన్న మందులేవీ పనిచెయ్యలేదు.

"ఇంత దూరం వచ్చారు. నేనేం చెయ్యలేకపోతున్నాను," అంది వకుళ.

జుహురా గోడవారగా నిలబడ్డ భర్త హమీసి వైపు చూసింది. "ఏళ్లతరబడి ఇదంతా నా నటన అంటున్నాడు. ఆ పట్టీ ఒక్కసారి ఆయనకి పెట్టండి."

అది వైద్యం కాదు. అయినా వకుళ పెట్టింది.

హమీసి కెవ్వుమన్నాడు. పట్టీ లాగి పారేసి, భార్య కాళ్ల దగ్గర కూలబడి వెక్కి వెక్కి ఏడ్చాడు.

వాళ్లు వెళ్లిపోయినా వకుళని ఆ నొప్పి వదల్లేదు. రెండేళ్లు అదే పనిగా శ్రమించి దానికి మందు కనిపెట్టింది. చెవిలో అనువాద యంత్రం పెట్టుకుని సంబరంగా జుహురాకి ఫోన్ చేసింది.

"ఒక్క ఇంజెక్షన్. నొప్పి పూర్తిగా పోతుంది!"



"వద్దు డాక్టరమ్మా."

"అదేంటమ్మా!"

"ఇప్పుడాయన పొద్దున్నే లేచి టీ కాచిస్తాడు. చీకటి పడితే నా పక్కనే కూర్చుంటాడు. నొప్పి పోయాక కూర్చుంటాడో లేదో..."

"ఆయన్నే అడగొచ్చుగా?"

"అడగాలంటే భయం."

అంతలో ఫోన్లో హమీసి గొంతు దగ్గరగా, ఆదుర్దాగా వినిపించింది.

"ఏమైంది? మళ్లీ వచ్చిందా?"

"ఆఁ," అంది జుహురా. "ఇవాళ మరీ ఎక్కువగా ఉంది."