కళ్ళు మూసుకుని చెప్పిన మాటలు

మే నెలలో పద్మారావు నగర్‌కి తెల్లవారుజామున కూడా చల్లదనం ఉండదు. ఆ ఉక్కలో, బనీను మీద ఉన్ని మఫ్లర్ చుట్టుకుని బాల్కనీలో కూర్చున్నారు జీవరాజు గారు. పక్క బాల్కనీలో బట్టలు ఆరేస్తున్న ఆవిడకి హిమాచల్‌లో ఆవకాయ ఎలా గడ్డకట్టిందో చెబుతున్నారు. జాడీలో గరిటె దిగక చివరికి పొయ్యి పక్కన పెట్టుకుని కరిగించుకున్నారట. ఆవిడ ఈ కథ ఇదివరకే విన్నది. అయినా పెద్దాయన కదా అని, తడిబట్టలు చేతిలో పట్టుకుని అలాగే నిలబడి నవ్వుతోంది.

వంటింట్లో ఉప్మాకి ఉల్లిపాయలు తరుగుతున్న మేబెల్ మాత్రం నవ్వడం లేదు. ఆవిడ ఎప్పుడూ అంతే. ఆయన మాట్లాడతారు, ఆవిడ పని చేసుకుంటారు. ఇంట్లోనైనా చర్చిలోనైనా జీవరాజు గారు లేచి నిలబడి సాక్ష్యం చెబితే, మేబెల్ పక్కన కూర్చుని పర్సు ఒళ్ళో పెట్టుకుని తలూపుతారు.

జీవరాజు గారు లాలాగూడ రైల్వే వర్క్‌షాపులో హెడ్ క్లర్కుగా రిటైరయ్యారు. తోటివాళ్ళంతా నేరేడ్‌మెట్‌లో స్థలాలు కొనుక్కుని ఇళ్ళు కట్టుకుంటుంటే, ఈయన ఒక ఆదివారం ఆరాధనలో లేచి, తామిద్దరూ మిషనరీలుగా వెళ్తున్నామని ప్రకటించేశారు. పిల్లలు స్థిరపడిన పెద్ద జంటల్ని దూరపు సంఘాలకు తోడుగా పంపే చిన్న మిషన్ ఒకటుంది. వాళ్ళు హిమాచల్‌లో, మంచు పడితే దారి మూసుకుపోయే ఒక లోయకి పంపారు. ఎవరి తాతల కాలంలోనో కట్టిన చిన్న చర్చి, దాన్ని అంటిపెట్టుకున్న కొద్ది కుటుంబాలు. కాస్త వయసులో ఉన్నవాళ్ళంతా చలికాలం పనుల కోసం కిందికి దిగిపోతే, ఊళ్ళో ముసలివాళ్ళే మిగులుతారు. వాళ్ళకి తోడుగా ఉండడమే వీళ్ళ పని.

మొన్న చలికాలంలో జీవరాజు గారికి నిమోనియా వచ్చింది. మిలిటరీ వాళ్ళ బండిలో పడుకోబెట్టి మంచులోంచి కిందికి దించారు. కూతురు ప్రిసిల్లా గుండె చేత్తో పట్టుకుని ఢిల్లీ దాకా వెళ్ళి, ఇద్దరినీ సికిందరాబాదు తెచ్చేసుకుంది. ఇప్పుడాయన ఒళ్ళు బాగుపడింది. జాగ్రత్తగా ఉండగలిగితే వెళ్ళొచ్చని డాక్టరు కూడా అన్నాడు. జూన్‌లో ప్రయాణం.

ఆ ప్రయాణం తలుచుకుంటేనే ప్రిసిల్లాకి దిగులేసేది. తల్లి వచ్చాక ఇల్లు ఇల్లులా ఉంది. ఆఫీసు నుంచి వచ్చేసరికి వేడిగా కూర ఉంటోంది. కూతురు షెకీనా ఆరేళ్ళది, హోంవర్కు అమ్మమ్మ దగ్గర పేచీ లేకుండా చేస్తోంది. తలనొప్పి మొదలైతే గదిలో లైటు తీసేసి నుదుటి మీద తడిగుడ్డ వేసే మనిషి ఉంది. ముప్పై ఆరేళ్ళొచ్చి ఇంకా అమ్మ కావాలేంటని తనని తానే తిట్టుకునేది. కావాలి మరి, ఏం చేస్తుంది.

ఆ శనివారం ఆమె వంటింట్లోకి వచ్చి గట్టుకి ఆనుకుని నిలబడింది.

"మమ్మీ, నిజం చెప్పు. నీకక్కడ ఏం బాగుంది?"

"బాగుండకపోవడానికేముందే. చలి ఉంటుందంతే."

"డాడీ కోసం వెళ్తున్నావు నువ్వు. నాకు తెలీదా?"

మేబెల్ ఉల్లిపాయలు బాణలిలో వేసి, మూత కోసం వెతికారు. "కరివేపాకు లేదు, పైవాళ్ళనడిగి రెండు రెబ్బలు తీసుకురా," అన్నారు.

ప్రిసిల్లాకి అదే సమాధానంలా తోచింది. పాపం, నోరు తెరిచి వద్దని చెప్పలేకపోతోంది, అందుకే మాట మార్చేస్తోంది అనుకుంది. అమ్మ తరఫున ఎవరో ఒకరు మాట్లాడాలి కదా అని పడగ్గదిలోకి వెళ్ళి తలుపేసుకుని మిషన్ సెక్రటరీ ఆశీష్ గారికి ఫోన్ చేసింది. నాన్నగారి ఆరోగ్యం ఒప్పుకోవడం లేదనీ, వేరే జంటను చూసుకోమనీ చెప్పింది. ఆయన చాలా బాధపడి, మేబెల్ అమ్మగారు కూడా ఒప్పుకున్నారా అని అడిగారు. ఒప్పుకున్నారని ప్రిసిల్లా చెప్పింది. అంత తొణకకుండా ఎలా అబద్ధమాడగలిగానా అని ఫోన్ పెట్టేశాక తనకే ఆశ్చర్యమేసింది. మంచం వెనక బొమ్మలు పరుచుకుని కూర్చున్న షెకీనాని ఆమె చూడలేదు.

మధ్యాహ్నం భర్త ఇవాన్‌తో సంగతి చెప్పింది. ఇవాన్ లాలాగూడ రైల్వే క్వార్టర్స్‌లో పుట్టి పెరిగిన మనిషి, గొడవంటే ఆమడ దూరం.

"జెర వాళ్ళను అడిగి చెయ్యాలె కదా ప్రిసీ," అన్నాడు. "ఇప్పుడు తెలిస్తే మామయ్య ఎంత పరేషాన్ అయితరు?"

రేపు ఆరాధన అయ్యాక నెమ్మదిగా తనే చెబుతానంది ప్రిసిల్లా. చర్చి పాస్టరు అయ్యగారిని కూడా పక్కన కూర్చోబెట్టుకుంటే డాడీ గట్టిగా మాట్లాడలేరని ఆమె లెక్క.

కానీ ఆ ఇంట్లో రాత్రి భోజనానికి ముందు కుటుంబ ప్రార్థన ఉంటుంది. అందరూ చాప మీద కూర్చుని, కళ్ళు మూసుకుని, చిన్నపిల్లతో మొదలుపెట్టి, కూర్చున్న వరసలో ఒకరి తర్వాత ఒకరు పైకి ప్రార్థన చేయాలి. ఒకరు చేస్తుంటే మరొకరు అడ్డు రాకూడదు. ఎదురెదురుగా చెప్పుకోలేని మాటలు ఆ ఇంట్లో చాలావరకు దేవుడి మీదుగానే చేరేవి. పెళ్ళైన కొత్తలో ఇవాన్, తన భార్యకి కోపం తగ్గించమని దేవుణ్ణి పైకే వేడుకున్నాడు. తర్వాత వారం రోజులు అతనికి టిఫిన్ బాక్సులో పులిహోర తప్ప మరేదీ రాలేదు.

ఆ రాత్రి షెకీనా చేతులు జోడించి మొదలుపెట్టింది. స్కూలుకి, కుక్కపిల్లకి, ఐస్‌క్రీముకి వందనాలు చెప్పుకుంది. ఆ తర్వాత, "మమ్మీ ఆశీష్ అంకుల్‌కి ఫోన్ చేసి అమ్మమ్మా తాతయ్యా రారని చెప్పేసింది, థాంక్యూ జీసస్, ఇంక అమ్మమ్మ ఎప్పుడూ వెళ్ళదు, ఆమేన్," అంది.

ఎవరూ కళ్ళు తెరవలేదు. తెరిస్తే ఒకరి ముఖం ఒకరు చూడాలి. ప్రిసిల్లాకి చెవులు వేడెక్కిపోయాయి. తర్వాతి వంతు ఇవాన్‌ది. అతను గొంతు సవరించుకుని, "స్తోత్రం ప్రభువా, ఆమేన్," అని ఒక్క ముక్కలో తప్పించుకున్నాడు.

ఇక జీవరాజు గారి వంతు. ఆయన ప్రార్థనకి కూర్చుంటే అన్నం చల్లారిపోతుందని ఇంట్లో పేరు. తండ్రి ఉరిమేస్తారని ప్రిసిల్లా బిగుసుకుని కూర్చుంది.

"పరలోకమందున్న మా తండ్రీ," అని మొదలుపెట్టి ఆగారు. "ఆ ఫోన్ చేయాలని నాకే ఉంది. ధైర్యం చాలలేదు. సంఘమంతా దండలేసి పంపించారు. ఏ ముఖం పెట్టుకుని రానని చెప్పను? ఆ బండిలో ఊపిరాడక పడుకున్నప్పటి నుంచీ చలంటే నాకు భయం పట్టుకుంది తండ్రీ. ఈ ఎండల్లో కూడా మఫ్లర్ తీయలేకపోతున్నాను. నా బిడ్డని ఏమీ అనకు. ఆమేన్."

ప్రిసిల్లాకి గుండె తేలికపడింది. అంతలోనే జాలేసింది. నాన్న ఇన్నాళ్ళూ ఇంత భయం దాచుకుని ఆవకాయ కథ చెప్పి అందరినీ నవ్విస్తున్నాడన్నమాట. ఇక అమ్మ ఉంది. అమ్మ ప్రార్థన ఎప్పుడూ రెండు ముక్కలే. అందరినీ కాపాడు, ఆమేన్. అంతటితో గండం గడుస్తుందనుకుంది.

"నీకే స్తోత్రములు కలుగును గాక," అన్నారు మేబెల్. తర్వాత గొంతు మారింది. దేవుడితో కాక, ఇంట్లో మనిషితో మాట్లాడుతున్నట్టు మారింది.

"వెళ్దామన్నప్పుడు ఆయన నన్నడగలేదు. సంఘంలో లేచి చెప్పేశారు, నేనూ లేచి పక్కన నిలబడ్డాను. ఇప్పుడు వద్దని పిల్ల చెప్పేసింది. ఇప్పుడూ నన్నెవరూ అడగలేదు. ఇద్దరికీ నా మీద ప్రేమే ప్రభువా, కాదనను. కానీ ఒక్కళ్ళయినా అడగొచ్చు కదా. నువ్వైనా అడుగు."

కొంగు సర్దుకుని మళ్ళీ అందుకున్నారు.

"మొదట్లో నాకక్కడికి వెళ్ళాలని లేదు, నీకు తెలుసు. మొదటి చలికాలమంతా దుప్పట్లో ముఖం దాచుకుని ఏడ్చాను. తర్వాత తర్వాత, పొద్దున్నే లేచి ఏ ఇంటి మీద పొగ లేచిందో చూడటం అలవాటైంది. పొగ లేవకపోతే వెళ్ళి తలుపు కొట్టాలి. లోపల పొయ్యి వెలిగించే ఓపిక లేని మనిషి ఉంటుంది. నేను వెలిగించి, టీ పెట్టి, కాసేపు కూర్చుంటాను. వాళ్ళ భాష నాకు రాదు, నా భాష వాళ్ళకి రాదు, అయినా కూర్చుంటాను. అక్కడ నాకోసం ఎదురుచూస్తారు ప్రభువా. మేం వచ్చేశాక ఆ పొగ ఎవరు చూస్తున్నారో తెలీదు. నాకు వెళ్ళాలని ఉంది. కన్నకూతురు ఉండమని ఏడుస్తుంటే వదిలి వెళ్ళాలని ఉంది. ఇలాంటి కోరిక ఉన్న తల్లిని ఏమంటారో నాకు తెలీదు. క్షమించు. ఆమేన్."

ఇక ప్రిసిల్లా ఒక్కతే మిగిలింది. ఆమె నోరు తెరిచింది గానీ ప్రార్థన రాలేదు. ఆ ఇంటి పద్ధతి మొదటిసారి తప్పి, ప్రార్థన మధ్యలో కళ్ళు తెరిచి తల్లినే చూసింది.

"అక్కడ ఎవరింట్లో పొయ్యి వెలగలేదో చూస్తావు. ఇక్కడ నేనెలా ఉన్నానో ఎవరు చూస్తారు మమ్మీ?"

మేబెల్ కళ్ళు తెరిచారు. "నిన్ను చూడకుండా ఉన్నానా?"

"ఎక్కడ? వారానికోసారి ఫోన్. అదీ మధ్యలో కట్."

"ఆ ఫోన్ కోసం ఎక్కడికి వెళ్తానో తెలుసా? ఊరి చివర మలుపులో తప్ప సిగ్నల్ రాదు. నేను మంచులో పడతానని ఛిమ్మెద్ అమ్మ చెయ్యి పట్టుకుని తీసుకెళ్తుంది. ఆవిడకే డెబ్బై దాటాయి. నీకు తలనొప్పి ఎక్కువైందని సైగలతో చెబితే వాళ్ళింట్లో బుద్ధుడి ముందు వెన్న దీపం పెట్టింది. ఆవిడ మన చర్చి మనిషి కూడా కాదే. నీ పేరు పలకడం రాదు, పర్శిల్లా అంటుంది. పర్శిల్లాకి తగ్గిందా, పర్శిల్లాకి తగ్గిందా అని రోజూ చేత్తో తల పట్టుకుని చూపించి అడిగేది. ఆ ఊళ్ళో నువ్వు తెలియని ఇల్లు లేదు."

అక్కడ ఎంత చలి, ఆసుపత్రి ఎంత దూరం, రోడ్డు ఎప్పుడు తెరుస్తారు, అన్నీ అడిగింది ప్రిసిల్లా. అక్కడ ఎవరుంటారని ఒక్కసారీ అడగలేదు. ఎప్పుడూ చూడని ఒక ముసలమ్మ తన తలనొప్పి తగ్గాలని దీపం పెడితే, తను ఆ ముసలమ్మకున్న తోడుని ఒక ఫోన్‌తో తీసేసింది. అదీ అమ్మ పేరు చెప్పి, అమ్మ మంచికేనని. నాన్న అమ్మని అడగలేదని ఇన్నాళ్ళూ లోలోపల మండిపడింది గానీ, తను చేసిందీ అదే.

దుఃఖం పొంగుకొచ్చింది. చాప మీద నుంచే పాక్కుంటూ వెళ్ళి తల్లి ఒళ్ళో తల పెట్టుకుంది.

"అడగలేదు మమ్మీ. నీకేం కావాలో ఒక్కసారి కూడా అడగలేదు. ఇప్పుడు అడుగుతున్నా, చెప్పు."

"చెప్పాను కదే. అంత పెద్ద ప్రార్థన నేనెప్పుడైనా చేశానా?" అన్నారు మేబెల్. ఏడుస్తూనే నవ్వు కూడా వచ్చేసిందావిడకి.

"నువ్వు లేకపోతే నాకు కష్టమే. అది కూడా చెప్పేస్తున్నా, దాచను."

"నాకు మాత్రం కష్టం కాదా? కష్టమని తెలిసే వెళ్తానంటున్నాను."

జీవరాజు గారు మఫ్లర్ కొసతో ముఖం తుడుచుకుంటున్నారు. జూన్‌లో ఇద్దరూ వెళ్ళినా మంచు పడేలోపు ఆయన కిందికి వచ్చేయొచ్చనీ, చలికాలం ఇక్కడ తమ దగ్గర ఉండొచ్చనీ ప్రిసిల్లాయే అంది. ఆయన భార్య వైపు చూశారు. ఆ ఇంట్లో ఆయన ఏ విషయానికైనా ముందు ఆవిడ వైపు చూడటం ఎవరూ ఎరగరు.

"మరి నువ్వు ఒక్కదానివే ఉండగలవా మేబెల్?" అని అడిగారు.

"ఉండగలను," అన్నారావిడ. "అక్కడి సర్కారు దవాఖానా నర్సమ్మ వాళ్ళింట్లో గది ఇస్తానని ఎప్పటి నుంచో అంటోంది. మీరే ఇక్కడ ఉండగలరో లేదో చూసుకోండి. కాఫీ కలుపుకోవడం కూడా రాదు మీకు."

"నేను నేర్పిస్త అత్తమ్మా, మీరు ఫికర్ చెయ్యకండి," అన్నాడు ఇవాన్. అందరూ ఏడ్చేశారు కాబట్టి ఇక భోజనం చేయొచ్చని అతని ధైర్యం.

మర్నాడు ఆరాధన అయ్యాక ప్రిసిల్లా ఆశీష్ గారికి మళ్ళీ ఫోన్ చేసింది. అమ్మని అడగకుండా అబద్ధం చెప్పానని సిగ్గు విడిచి ఒప్పుకుంది. ఆయన తప్పు పట్టలేదు. మేబెల్ అమ్మగారికే ఫోన్ ఇవ్వమని అడిగి, చలికాలం ఏర్పాట్లన్నీ ఆవిడతోనే మాట్లాడారు.

జూన్‌లో సికిందరాబాదు స్టేషన్‌లో రైలు కదలడానికి కాసేపుందనగా, ఇవాన్ సామాను సర్ది కిందికి దిగాడు. బోగీలో కూర్చున్న తాతయ్య చెయ్యి కిటికీలోంచి పట్టుకుని షెకీనా వదలడం లేదు. బోగీ తలుపు దగ్గర నిలబడ్డ తల్లికి జాగ్రత్తలు చెప్పాలని ప్రిసిల్లాకి నోటిదాకా వచ్చింది. మందులు, మంచు, మెట్లు. అవన్నీ మింగేసింది.

"మమ్మీ, అక్కడ ఎవరెవరున్నారో పేర్లు చెప్పు. నేనూ ప్రార్థనలో తలుచుకుంటా."

మేబెల్ కూతురి చెయ్యి అందుకున్నారు. తర్వాత చెప్పడం మొదలుపెట్టారు. ఛిమ్మెద్ అమ్మ, మోకాళ్ళ నొప్పి. అంగ్‌రూప్ తాత, చూపు ఆనదు. చర్చి తాళాలు చూసుకునే సోనమ్, భర్త పోయి రెండో ఏడు. ఒక్కొక్కరి ఇల్లు ఎక్కడో, వాళ్ళు తాగే ఉప్పు టీలో ఉప్పెంత వేస్తారో కూడా చెబుతున్నారు. ప్రిసిల్లా ఒక్కో పేరూ తిరిగి అంటోంది. రైలు కదిలింది. ఆమె తలుపుతో పాటు నడిచింది, తర్వాత వేగంగా నడిచింది. మేబెల్ కమ్మీ పట్టుకుని బయటికి వంగి, కన్నీళ్ళు తుడుచుకునే తీరిక కూడా లేకుండా పేర్లు చెబుతూనే ఉన్నారు.

"ఇంకా చాలామంది ఉన్నారే," అని అరిచారు. "మలుపు దగ్గరికెళ్ళి ఫోన్ చేసి చెప్తా!"

"చెయ్యి మమ్మీ, రాసుకుంటా," అంది ప్రిసిల్లా, ప్లాట్‌ఫారం చివర ఆగి.