విభూతి రాల్చిన తలుపు

మాదాపూర్‌లో ఆ గాజు మేడ కింది అంతస్తుకు పొద్దుగూకాక ఎవరూ దిగరు. అక్కడ ఒక తలుపు ఏడుస్తుందట...

ఆ తలుపున్న ఇంటిని కూల్చే ఈ మేడ కట్టారు. ఊరిని మింగినవాళ్లు తలుపొక్కటి మిగిల్చి, దీపాలు పెట్టి, ‘మన వారసత్వం’ అని మ్యూజియం తెరిచారు. తలుపు పైన కంపెనీ పేరు చెక్కిన కొత్త కొయ్యపలక బిగించారు. దోపిడీకీ నేమ్‌ప్లేటు కావాలి మరి! ఆ పలకకు పోగా మిగిలిన కొత్త చెక్కతో పక్క గదిలో మేనేజరుకు బల్ల చేయించారు.

సకల జనుల సమ్మె రోజులు. బొగ్గు ఆగింది, కరెంటు కోతలు మొదలయ్యాయి. జనరేటరు కంప్యూటర్లకూ క్యాంటీన్‌కూ ఉంది, మ్యూజియానికి లేదు. ఏసీ రొద ఆగిన తొలి సాయంత్రం కాపలాదారు ఓదెలుకు వినిపించింది—

కర్... కర్... కర్...

టార్చి వేశాడు. ఎవరూ లేరు. తలుపు కింద మాత్రం... తెల్లని మెత్తని పొడి.

మర్నాడు గేటు ముందు ఉద్యమకారులు, ఏడ్చేది ఆ ఇల్లు పోగొట్టుకున్న రైతు ఆత్మేనని జోహార్లు పలికారు. లోపల పూజారి ఆ పొడిని విభూతి అన్నాడు. మేనేజరు సోమేశ్వరరావు గారు నుదుట పెట్టుకున్నారు. పూజ అయింది. చప్పుడు ఆగలేదు. ఇక నేరం మోయడానికి ఒక మనిషి కావాలి.

“ఏమయ్యా ఓదెలూ, తాళం నీ దగ్గరే ఉంటుంది. బండి మీద జై తెలంగాణ అని రాయించుకున్నావు. ఈ నాటకం నీదే కదూ?”

“నేనెందుకు చేస్త సార్? నాకే భయమైతుంది.”

“సోమవారం దాకా చూస్తాను. ఆగకపోతే నువ్వు రానక్కర్లేదు.”

బోరబండలో కిరాయి ఇల్లు, బడికి పోయే పిల్లలు. ఓదెలును దెయ్యం కన్నా సోమవారమే ఎక్కువ భయపెట్టింది.

మ్యూజియం వస్తువుల బాగోగులు చూసే సెలీనా సెలవు ముగించుకుని వచ్చింది. కరెంటు పోయేదాకా ఓదెలుతో పాటు కూర్చుంది.

కర్... కర్...

“అన్నా, జర కదలకు...” గుసగుసగా అని, స్టూలెక్కి చెవి ఆనించింది. “తలుపు కాదు... పైన.”

టార్చి వెలుగులో పేరుపలక నిండా గుండుసూది తలంత చిల్లులు. కింద నల్ల కాగితం పట్టి పలకను తట్టింది. పొడి జలజలా రాలింది.

“పురుగన్నా! పాత టేకు చేవ వాటికి పనికిరాదు. ఈ పలక నాసిరకం చెక్క. లోపల తింటున్నయి.”

“మరి ఈ పొడి?”

“వాటి రెట్ట.”

“అయ్యో... సారు నుదుట—”

“నువ్వు చెప్పకు,” సెలీనా చున్నీతో నోరు మూసుకుంది.

పలకను ఊడదీసి, ప్లాస్టిక్‌లో చుట్టి, పురుగు చచ్చేలా క్యాంటీన్ డీప్ ఫ్రీజరులో పెట్టించింది. కంపెనీ ఘనకీర్తి కోడిమాంసం పక్కన గడ్డకట్టింది.

సోమవారం సాయంత్రం మేనేజరే స్వయంగా వచ్చారు. కరెంటు పోయింది. తలుపు దగ్గర... నిశ్శబ్దం. ఓదెలు గుండె కుదుటపడింది.

“చూశావా? నేను గట్టిగా అడిగేసరికి ఆగిపోయింది,” అన్నారు సోమేశ్వరరావు గారు.

అప్పుడు... పక్క గదిలోంచి...

కర్... కర్... కర్...

మేనేజరు నుదుట విభూతి చెమటకు కారింది.

“సార్,” ఓదెలు మెల్లగా అన్నాడు, “ఆ గది తాళం మీ దగ్గరనే ఉంటది గద?”