రద్దు నొక్కిన బుధవారాలు

"మీ మిషన్‌కి రోగమేం లేదండీ. మీరే దాన్ని స్నానం చెయ్యనివ్వట్లేదు."

ఆ గురువారం ప్రింటింగ్ షాపులో అడుగుపెట్టిన పావుగంటకే సర్వీసు మెకానిక్ అన్న మాట ఇది. షాపు చూసుకునే అమ్మాయికి ఒళ్లు మండిపోయింది. థీసిస్ కాగితాల నిండా నల్లటి చారలు పడుతున్నాయని పొద్దుటినుంచి విద్యార్థులు ప్రాణం తోడేస్తుంటే, ఈయనగారు తీరిగ్గా స్నానాల గురించి చెబుతున్నాడు!

"మిషన్‌కి స్నానమేంటండీ?"

"ఐదు వందల పేజీలకోసారి అది తనంతట తానే ఆగుతుంది. లోపల రోలర్‌కి పట్టిన టోనర్, అదే సిరా పొడిని దులిపి, అడుగునున్న డబ్బాలో పోసుకుంటుంది. మూడంటే మూడు నిమిషాలు. ఆ కాసేపూ ఆగలేక స్క్రీన్ మీద 'రద్దు' నొక్కేస్తున్నారు కదూ?"

"కౌంటర్ ముందు పదిమంది నిలబడి ఉంటే మీరైతే ఆగుతారా?"

"ఆగుతాను."

"ఆగుతారు లెండి! తిట్లు తినేది మేం కదా."

అతను నవ్వాడు. ఆ నవ్వుకి ఆమెకి ఇంకాస్త మండింది. పైగా వెళ్తూ వెళ్తూ, "మీ చెంపకి టోనర్ అంటుకుంది. వేణ్ణీళ్లతో కడక్కండి, పట్టేసుకుంటుంది. చన్నీళ్లతో కడగండి," అని చెప్పి మరీ పోయాడు. అద్దంలో చూసుకుంటే ముక్కు పక్క నుంచి చెంప దాకా సగం మీసం! ఇంతసేపూ ఈ మొహంతోనా తను పోట్లాడిందీ? సిగ్గుతో చచ్చిపోయింది పిల్ల.

మర్నాటి నుంచి ఆమె ఆ మీట జోలికి పోలేదు. మిషన్ ఎప్పటికప్పుడు ఆగడం, కాసేపు గుర్రుమనడం, మళ్లీ పని మొదలెట్టడం. పేజీలు పాలలా తెల్లగా వస్తున్నాయి. అంతా బాగానే ఉంది. మళ్లీ గురువారం వచ్చింది, అతను రాలేదు. ఎందుకొస్తాడు? మిషన్ బాగుంటే మెకానిక్‌తో పనేముంది? ఎంత సర్దిచెప్పుకున్నా ఆ రోజంతా ఆమెకి ఏమీ తోచలేదు.

ఆ పై బుధవారం సాయంత్రం మిషన్ శుభ్రం చేసుకోవడానికి ఆగింది. షాపులో ఒక్కరంటే ఒక్కరు లేరు. అయినా ఆమె వేలు వెళ్లి 'రద్దు' నొక్కేసింది. అది మళ్లీ మళ్లీ మొదలెడుతుంటే, ఆ రోజు అలా ఎన్నిసార్లు నొక్కిందో చెబితే బాగుండదు. తెల్లారేసరికి చారలే చారలు.

"మళ్లీ పడుతున్నాయండీ," అంది ఫోన్లో, గొంతు నిండా దిగులు నింపుకుని.

అతను వచ్చాడు. "మళ్లీ రద్దు నొక్కారా?"

"అయ్యో, నేనెందుకు నొక్కుతాను!"

అతను ఆమె మొహంలోకి ఒక్క క్షణం చూసి, మిషన్ మూత తెరిచాడు.

అక్కణ్ణుంచి వారం వారం అదే తంతు. ఆమె తండ్రి అతనికి 'గురువారం' అని పేరు కూడా పెట్టేశాడు. "ఏమ్మా, గురువారం వచ్చి వెళ్లాడా?" అని అడిగేవాడు. ఒకసారి వాన పట్టుకుని గంటసేపు వదల్లేదు. ఆమే, అతనూ షట్టర్ దగ్గర టీ తాగుతూ నిలబడ్డారు.

"ఎప్పుడూ ఈ మసి పనేనా? విసుగు రాదూ?"

"రాదండీ. ఎవరికీ కనపడని చోట తుడుస్తానా, పైన కాగితం తెల్లగా వస్తుంది. అది చూస్తే నాకు భలే సంతోషం. ఈ పని తప్ప ఇంకేమిచ్చినా చెయ్యలేను."

తొమ్మిది గురువారాలు గడిచాయి. పదో గురువారం అతను ఒంటరిగా రాలేదు. వెంట సూపర్‌వైజర్ వచ్చాడు, చంకలో ఫైలుతో.

"ఒకే మిషన్‌కి తొమ్మిది కంప్లయింట్లు! ఇతనికి పని రాదని తేలిపోయిందమ్మా. రేపటి నుంచి గోడౌన్‌లో పెట్టెలు సర్దుకుంటాడు. మీ దగ్గరికి వేరే మనిషిని పంపిస్తాం."

మెకానిక్ తల వంచుకున్నాడు.

ఆమె నోరు విప్పుదామంటే పక్కనే తండ్రి థీసిస్ బైండింగ్ చేస్తున్నాడు. విప్పకపోతే ఆ మనిషి ప్రాణంలా చూసుకునే పని పోతుంది. పోతే నా పరువే పోనీ అనుకుంది.

"ఆయన తప్పేం లేదు సర్. రద్దు నొక్కింది నేను. ప్రతి బుధవారం."

"ఎందుకమ్మా?"

"నొక్కితే చారలు పడతాయి. చారలు పడితే ఆయన వస్తారు." తండ్రి వైపు చూడకుండానే అనేసింది. "నాకాయనంటే ఇష్టం సర్. అందుకే నొక్కాను. ఆయనకి పని రాదని మాత్రం అనకండి. ఆయనంత శ్రద్ధగా ఎవరూ చెయ్యరు."

తండ్రి చేతిలో కాగితాలు అలాగే ఉండిపోయాయి. సూపర్‌వైజర్ మిషన్ దగ్గరికెళ్లి ఏవో నాలుగు మీటలు నొక్కాడు. ఒక కాగితం బయటికొచ్చింది. ఏ రోజు, ఏ టైముకి తనని శుభ్రం చేసుకోనివ్వకుండా ఆపారో మిషన్ అన్నీ రాసి పెట్టుకుంది.

"ఈ రెండు నెలలూ అన్నీ బుధవారాలే! ఏమయ్యా, ఇది నువ్వు చూడలేదా?"

"చూశాను సర్. రెండోసారి వచ్చినప్పుడే."

ఆమె గిర్రున తిరిగింది. "తెలుసా మీకు? తెలిసి కూడా నా చేత ఇన్ని అబద్ధాలు చెప్పించారా?"

"చెబితే మీ మీదికి వస్తుందని..."

"ఇంకా?"

"మీరు నొక్కడం మానేస్తారని."

సూపర్‌వైజర్ తల పట్టుకున్నాడు. రద్దు మీట పని చెయ్యకుండా మిషన్‌కి తాళం వేసేశాడు. "ఇక దీన్ని ఎవరూ ఆపలేరు. గోడౌన్ లేదు, ఏం లేదు. రేపు డ్యూటీకి రావయ్యా," అని ఫైలు సర్దుకుని వెళ్లిపోయాడు.

తండ్రి కుర్చీలోంచి మెల్లగా లేచాడు. "అంటే బాబూ, ఇక మా షాపుకి నువ్వు రావలసిన పని లేదన్నమాట."

ఆమె మొహం చిన్నబోయింది.

"లేదండీ," అన్నాడతను.

"పని లేకపోయినా వస్తావా?"

"వస్తానండీ."

"అయితే షాపుకి కాదు. ఆదివారం ఇంటికి రా. మీ వాళ్లని కూడా తీసుకురా."

అతనికి నవ్వాగలేదు. "మా అమ్మ రెండు నెలల్నుంచి నన్ను చంపేస్తోందండీ, ఆ షాపులో మిషన్ ఎప్పటికి బాగవుతుందిరా అని. ఇవాళ వెళ్లి బాగైపోయిందని చెబుతాను."