తబ్రేజ్ గదిలో వేడి

ఇమాం పాషా ఎండలో నడిచి వచ్చాడు. హన్మకొండలోని ఆ చిన్న ఆఫీసులో ప్రైవేటు డిటెక్టివ్ సారంగపాణికి ఎదురుగా కూర్చుని, అసిస్టెంట్ పద్మలత ఇచ్చిన నీళ్ళు తాగకుండానే మొదలుపెట్టాడు.

"సార్, సచ్చిపోయిన నా కొడుకు ఇంట్ల మాట్లాడుతాండు."

"మొదటినుంచి చెప్పండి పాషా భాయ్."

అతనిది కొత్తవాడలో జంపఖానాల దుకాణం. ఇంజనీరింగ్ చదువుతున్న కొడుకు తబ్రేజ్ చలికాలంలో బైకు ప్రమాదంలో పోయాడు. అతను ఆడిన ఆటలు, ఆడుతూ మాట్లాడిన మాటలతో సహా, గేమింగ్ లాప్‌టాప్‌లో మిగిలిపోయాయి. తల్లి వజీరా రోజూ ఒకే ఆటను మళ్ళీ నడిపించుకుని చూస్తుంది. అందులో ఆమె అన్నానికి పిలుస్తుంది, తబ్రేజ్ జవాబిస్తాడు.

"'వస్తాన అమ్మీ' అంటడు. అనంగనే మిషన్ ఊళ పెడ్తది, తెర నల్లగైతది. ఏ రోజు పెట్టినా గాడ్నే. మొదట్ల గిట్ల కాలే. ఇప్పుడు వజీరా అన్నం ప్లేటు పెట్టుకొని కూసుంటాంది, వాడు అందులకెల్లి బయటకొస్తాండని. షుగర్ గోలీలు బంద్ చేసింది. దవాఖానకు పోదాం రా అంటే, పిల్లగాడొస్తే ఇంట్ల ఎవరుంటరు అంటాంది."

ఆ మధ్యాహ్నమే సారంగపాణి, పద్మలత అతని వెంట ఆ ఇంటికి వెళ్ళారు. వసారాలో అద్దం కింద గులాబీరంగు గోళ్ళరంగు సీసా, నమాజుకు ముందు ఆ రంగు తుడుచుకునే మందు, దూది ఉన్నాయి. సారంగపాణి అక్కడ ఒక్క క్షణం ఆగి లోపలికి నడిచాడు. తబ్రేజ్ గది కిటికీలకు పరదాలు దించి ఉన్నాయి. వజీరా తెర ముందు కూర్చుని ఉంది. తబ్రేజ్ చెల్లెలు గుల్నాజ్ గుమ్మం దాటి లోపలికి రాలేదు.

"ఒకసారి పెట్టండమ్మా," అన్నాడు సారంగపాణి.

తుపాకుల మోత నడుమ ఒక కుర్రవాడి నవ్వు వినిపించింది. ఫ్యాన్ చప్పుడు మెల్లగా పెరిగింది. దూరం నుంచి వజీరా గొంతే తబ్రేజ్‌ను పిలిచింది. "వస్తాన అమ్మీ..." ఎవరో గొంతు పిసికినట్టు ఒక ఊళ, ఆ వెంటనే చీకటి. పద్మలత ఒక అడుగు వెనక్కి వేసింది. వజీరా మాత్రం గుమ్మం వైపు చూస్తోంది, నిజంగానే ఎవరో వస్తున్నట్టు.

సారంగపాణి కీబోర్డు మీద చెయ్యి ఆనించి చటుక్కున తీసుకున్నాడు. లాప్‌టాప్ తిప్పి చూశాడు. అడుగున అంతా దుమ్ము, స్క్రూల తలల మీద మాత్రం కొత్త గీతలు.

"దీన్ని ఎవరైనా విప్పారా?"

"నా కొడుకు తప్ప ఎవ్వలు విప్పలే," అంది వజీరా.

సారంగపాణి కబురు పంపితే తబ్రేజ్ స్నేహితుడు కృష్ణమోహన్ పనిముట్లతో వచ్చాడు.

"తబ్రేజ్ పోయాక ఇది నీ దగ్గరికి వచ్చిందా?"

"దీంట్లున్న ఫోటోలు తీసుకుందామని ఒకసారి తీస్కపోయిన సార్. మళ్ళ ఇచ్చేసిన."

"ఇచ్చినంక గూడ మంచిగనే నడిచింది," అంది వజీరా. "ఈ పాడు మొన్నమొన్ననే మొదలైంది."

"చిప్ మీద వేడి లాగే పేస్టు ఎవరు మారుస్తారు?"

"తబ్రేజే. గేమింగ్ వేడికి పలుచటిది పక్కలకు జారుతదని చిక్కటిదే కొంటుండె. జర కారినా బోర్డు కాలకుండ, కరెంటు పారనిదే చూసి కొంటుండె. బఠాణీ గింజంత పెట్టి పైన రేకు బిగిస్తే చాలు, ఎక్కువ పూస్తే పని చెయ్యదంటుండె."

"విప్పేటప్పుడు పక్కన ఎవరుండేవారు?"

"నేను. నేను లేకుంటే గుల్నాజ్ టార్చి పట్టేది."

"ఇప్పుడు విప్పు."

రాగి రేకు లేచింది. కింద చిప్ అద్దంలా మెరుస్తోంది. సారంగపాణి పద్మలతను దగ్గరికి పిలిచి రేకు అంచున చిక్కుకున్న దూదిపోగు చూపించాడు. దానికి గులాబీరంగు అంటి ఉంది. ఆమె తలెత్తి వసారా వైపు చూసింది.

గుల్నాజ్ గుమ్మం బయటే నిలబడింది. మిగతా అందరినీ ఆ గదిలోనే కూర్చోబెట్టి సారంగపాణి నెమ్మదిగా చెప్పాడు.

"ఇందులో దయ్యం లేదు. పేస్టు ఎండితే పొడి మిగలాలి. ఇక్కడ ఏమీ లేదంటే ఎవరో తుడిచేశారు. పేస్టు లేకపోతే చిప్ వేడి రేకుకు ఎక్కదు. ఫ్యాన్ ఊళ పెడుతుంది, కాలిపోకుండా మిషన్ తనంతట తనే ఆగిపోతుంది. రోజూ చల్లారిన మిషన్ మీద అదే ఆట, అదే వేడి. అందుకే అదే మాట దగ్గర ఆగింది. కృష్ణమోహన్ అయితే ఇలాంటివి తుడిచే స్పిరిటు వాడేవాడు. తుడిచిన దూదికి గోళ్ళరంగు ఉంది. స్క్రూలు ఎక్కడుంటాయో, లోపల ఏముంటుందో టార్చి పట్టినవాళ్ళకు తెలుసు." అతను గుమ్మం వైపు తిరిగాడు. "చెప్పమ్మా గుల్నాజ్. నిన్నెవరూ కొట్టరు."

గుల్నాజ్ తల ఎత్తలేదు.

"మిషన్ ఖరాబైతే అమ్మీ ఈ గదిలకెల్లి బయటకొస్తదనుకున్న. భయ్యా జవాబిచ్చే కాడనే ఆగుతదని నాకు ఎరుకలేకుండె. భయ్యాను నేనే దయ్యం చేసిన."

"మరి ఎందుకు చెప్పలేదు బేటీ?" అన్నాడు ఇమాం పాషా.

"అమ్మీ భయ్యా వస్తాండు అంటాంది అబ్బా. కాదు, నేనే చేసిన అంటే భయ్యా మళ్ళొకసారి చచ్చిపోతడు గద."

కృష్ణమోహన్ చిప్ శుభ్రంగా తుడిచి, సంచిలోంచి తీసిన చిక్కటి పేస్టు చుక్క పెట్టి, రేకు సమంగా నొక్కి స్క్రూలు బిగించాడు. లాప్‌టాప్ వజీరా ముందుకు జరిపాడు.

ఆమె మూత మీద చెయ్యి వేసింది. తెరవలేదు. చాలాసేపు గుల్నాజ్‌నే చూసింది, పిల్ల ఎంత చిక్కిపోయిందో ఇప్పుడే కనిపించినట్టు.

"నీ ఇంటర్ పరీక్షలెప్పుడు?"

"అయిపోయినయి అమ్మీ."

"ఎవరు తోల్కపోయిన్రు?"

"నేనే ఆటోల పోయిన."

వజీరా మూత మీంచి చెయ్యి తీసింది. సారంగపాణి పద్మలతకు సైగ చేసి లేచాడు. వాళ్ళు గుమ్మం దాటుతుండగా వెనకనుంచి ఆమె గొంతు వినిపించింది.

"రిజల్ట్ వచ్చిందా?"

"రేపొస్తది."

"నా పక్కన కూసోని చూడు. నాకు గూడ చూపెట్టు."

గుల్నాజ్ గుమ్మం దాటి గదిలోకి అడుగు పెట్టింది.