సార్ చెవిలో చెప్పిన మాట

హైస్కూలు గేటు ముందు ఆటో దిగగానే సంధ్యారాణికి తన ముఖమే కనిపించింది. గేటుకు అడ్డంగా కడుతున్న ఫ్లెక్సీలో, 'గురువులకు సన్మానం, పూర్వ విద్యార్థులకు సత్కారం' అన్న అక్షరాల కింద, తను పుట్టి బుద్ధెరిగాక ఎన్నడూ లేనంత తెల్లగా ఉంది. పెదాలకు ఎర్రరంగు. బుగ్గల మీద గులాబీ మచ్చలు.

"ఏమయ్యా, నా ముఖానికి ఈ సున్నం ఎవరు కొట్టించినారు?"

నిచ్చెన మీద తాడు బిగిస్తున్న యువకుడు కిందికి చూశాడు. చూసి, తాడు సంగతి మరిచిపోయాడు. ఫ్లెక్సీ ఒక మూల జారి అతని నెత్తిన పడింది.

"ఫ్లెక్సీ ఆయన ఫిల్టర్ వేసినాడు మేడం," దాని కిందనుంచి గొంతు వినిపించింది. "ఉన్నది ఉన్నట్టే బాగుంటాదని నేను చెప్తానే ఉన్నా."

సంధ్యారాణి నవ్వు ఆపుకుంది.

మార్కాపురం నుంచి గిద్దలూరు పోయే దారిలో ఉంటుంది రాచగుంట్ల. ఆ ఊరి రైతు ఓబులేసు కూతురు సంధ్యారాణి. ఖోఖోలో రాష్ట్ర జట్టుకు ఆడి, స్పోర్ట్స్ కోటాలో గుంతకల్లు రైల్వే ఆఫీసులో ఉద్యోగం తెచ్చుకుంది. రేపటి సత్కారం కోసమే సెలవు పెట్టి వచ్చింది. నిచ్చెన మీదున్న ఫణికృష్ణది ఆ ఊరి బజారులో కిరాణా దుకాణం. తండ్రి పోయినప్పటి నుంచి అమ్మా, తనూ కలిసి నడుపుకుంటున్నారు. బడిలో ఏ కార్యక్రమం జరిగినా పందిరి నుంచి మైకు దాకా అతనే చూసుకుంటాడు.

సంధ్యారాణి ఫ్లెక్సీలోని గురువుల ఫోటోలన్నీ చూసింది. చూసేకొద్దీ నవ్వు పోయింది.

"సత్యానందం సార్ ఏరి?"

ఫణికృష్ణ నిచ్చెన దిగాడు. "పిలిచినాం మేడం. రానన్నాడు. గొంతుకు ఆపరేషన్ అయింది, మాట రావడం లేదంట. ఫోన్లో వాళ్ల ఇంటామె చెప్పింది."

"ఆటలు నేర్పిన పీఈటీ సార్‌ను ఫోన్లో పిలుస్తారా? ఇంటికి పోయి పిలవరా?"

"పుల్లలచెరువులో ఉంటాడు మేడం, దూరం..."

"సార్ లేకుంటే ఆ శాలువా నాకు కప్పొద్దు. నా ఫోటో ఇప్పుడే కత్తిరించుకోండి. ఎట్లాగూ అది నేను కాదు."

ఫణికృష్ణ ఆమె వైపు చూశాడు. మబ్బు పట్టిన ఆకాశం వైపు చూశాడు. "బండి తీస్తా. వస్తావా?" అన్నాడు. 'మేడం', 'మీరు' అన్నీ ఎటో పోయాయి.

సంధ్యారాణి తండ్రికి ఫోన్ చేసింది. "నాయనా, సత్యానందం సార్ దగ్గరికి పోయొస్తా."

"ఎవురితో?"

"కిరాణా దుకాణం ఫణితో."

"చీకటి పడకముందే రాండి," అన్నాడు ఓబులేసు.

పెద్దారవీడు దాటాక వాన అందుకుంది. రోడ్డు పక్క బస్ షెల్టర్‌లో ఆగారు. ఫణికృష్ణ ఆ చివర, సంధ్యారాణి ఈ చివర నిలబడ్డారు. పైకప్పు ఆమె వైపే కారుతోంది.

"ఇటు రా. నేనేం కరవను," అన్నాడు ఫణికృష్ణ.

"మనం ఒకే బడిలో చదివినాం కదా?" దగ్గరికి జరుగుతూ అడిగింది. "నువ్వు ఏం ఆడేవాడివి?"

"ఏం ఆడినా పడేవాణ్ణి. పడీ పడీ మోకాళ్లు పోతాయని సత్యానందం సార్ నన్ను కూర్చోబెట్టి చేతికి మైకు ఇచ్చినాడు. నీకంటే ఒక క్లాసు ముందు."

సంధ్యారాణి గబుక్కున తిరిగింది. "'సంధ్యారాణి పోల్ తిరిగింది, చెయ్యి చాపింది, అందింది!' అని అరిచేది నువ్వేనా?"

"నేనే."

"పరిగెత్తేటప్పుడు ముఖాలు చూసే తీరిక యాడుంటాది? గొంతు మాత్రం వినపడేది." ఆమె ఇంకేదో అనబోయి వాన వైపు తిరిగింది. "ఒకసారి నేను పడిపోతే నువ్వు కామెంటరీ ఆపేసినావు. గుర్తుందా?"

"నోరు ఎండిపోయింది," అన్నాడు ఫణికృష్ణ నిజాయితీగా.

వాన తగ్గింది. అతను జేబురుమాలు తీసి ఆమె కూర్చునే సీటు తుడిచాడు. తన సీటు మరిచిపోయి, ఆ తడిలోనే కూర్చున్నాడు.

ఒకప్పుడు ఒక్క కేకతో గ్రౌండంతా నిలబెట్టిన మనిషి సత్యానందం సార్. ఇప్పుడు మెడకు మఫ్లర్ చుట్టుకుని వరండాలో కూర్చుని ఉన్నాడు. సంధ్యారాణిని చూసి కళ్లు మెరిశాయి. పెదాలు కదిలాయి. గాలి మాత్రమే వచ్చింది. పక్కనున్న భార్య ఆ గాలిని మాటలుగా మార్చి చెప్పింది.

"బక్కగైనావే అంటాన్నాడు."

విషయం చెప్పగానే సార్ తల అడ్డంగా ఊపాడు. భార్య మళ్లీ చెప్పింది. "పిల్లలకు గుర్తుండేది నా గొంతే కదమ్మా. అది లేకుండా వచ్చి మంది ముందర గుసగుసలాడితే నవ్వుతారు అంటాన్నాడు."

సంధ్యారాణి కిందికి దిగి సార్ కుర్చీ ముందు మెట్టు మీద కూర్చుంది.

"సార్, తొమ్మిదో తరగతిలో మా నాయన నన్ను బడి మానిపించినాడు. శెనగ చేలో కూలీలు దొరకడం లేదన్నాడు. మీరు మా ఇంటికి వచ్చినారు. మా నాయనకు ఏం చెప్పినారో గుర్తుందా?"

సార్ గుర్తు లేదన్నట్టు చూశాడు.

"ఏం చెప్పలేదు సార్. అరుగు మీద ఊరికే కూర్చున్నారు. పొద్దు గూకినా లేవలేదు. ఆ కూర్చోవడం చూడలేక మా నాయనే 'సరే, పంపిస్తాలే సారూ, ఇంటికి పోండి' అన్నాడు. ఈ పొద్దు నాకీ ఉద్యోగం మీ గొంతుతో రాలేదు సార్."

సార్ కళ్లు తిప్పుకున్నాడు. భార్య కొంగుతో ముక్కు తుడుచుకుంది.

"మీరు నా చెవిలో చెప్పండి సార్," అన్నాడు ఫణికృష్ణ. "నేను మైకులో చెప్తా. ఆ మైకు నాకు ఇచ్చింది మీరే కదా."

సార్ అతణ్ణి పైనుంచి కిందికి చూశాడు. ప్యాంటు వెనకంతా తడిసిపోయిన అతణ్ణీ, మడత నలగని చుడీదార్‌లో ఉన్న సంధ్యారాణినీ మార్చి మార్చి చూశాడు. ఆ ముఖంలో పాత రోజుల కొంటెతనం ఒకటి తొంగి చూసింది. భార్య వైపు తిరిగి పెదాలు కదిపాడు.

"తెల్ల చొక్కా ఇస్త్రీ చేయమంటాన్నాడు," అందామె.

మర్నాడు సన్నటి జల్లు. పందిరి రేకుల మీద టపటపలు. సత్యానందం సార్ వేదిక ఎక్కుతుంటే తలలు నెరిసినవాళ్లు కూడా ప్రేయర్‌లో నిలబడ్డట్టు లేచి నిలబడ్డారు.

సార్ చెవిలో చెప్పాడు. ఫణికృష్ణ మైకులో చెప్పాడు.

"నా చేతి దెబ్బ తిన్నోళ్లు చేతులెత్తండి."

పందిరంతా చేతులే. ముందు వరుసలో కూర్చున్న ఇప్పటి హెడ్‌మాస్టరు కూడా ఎత్తాడు. నవ్వులు సద్దుమణిగాక సార్ సంధ్యారాణి వైపు చెయ్యి చూపించాడు.

"ఈ పిల్లకు పరుగు నేను నేర్పలేదు. నీళ్ల ట్యాంకరు వచ్చిందంటే బిందె ఎత్తుకుని వీధి చివరి నుంచి అందరికంటే ముందు పోయేది. నేను చేసిందల్లా ఆ బిందె దించి, అదే పరుగు గ్రౌండులో పరిగెత్తమ్మా అనడమే."

చప్పట్లు మోగాయి. మూడో వరుసలో ఓబులేసు తువ్వాలుతో ముఖం తుడుచుకున్నాడు. శాలువా కప్పుకున్న సంధ్యారాణి తల వంచుకుంది.

సార్ మళ్లీ ఫణికృష్ణ చెవి దగ్గరికి వంగాడు.

"ఈ పిల్లంటే నీకు ప్రాణమని నిన్ననే కనిపెట్టినా. నువ్వు చెప్తావా, నన్ను చెప్పమంటావా?"

ఫణికృష్ణ మైకు పట్టుకుని అట్లాగే నిలబడిపోయాడు. చెవులు ఎర్రబడ్డాయి.

"ఏందబ్బా, సార్ ఏం చెప్పినాడు?" వెనకనుంచి ఎవరో అరిచారు.

"గట్టిగా చెప్పు ఫణీ!"

"అది... అది సంధ్యారాణికి ఒక్కదానికే చెప్పమన్నాడు."

పందిరి ఈలలతో దద్దరిల్లింది. సత్యానందం సార్ శబ్దం లేకుండా, భుజాలు ఎగిరిపడేలా నవ్వుతున్నాడు.

సభ అయ్యాక తొమ్మిదో తరగతి గది వరండాలో సంధ్యారాణి అతణ్ణి ఆపింది.

"ఏం చెప్పినాడు?"

"సార్ చెప్పింది కాదు. నాది నేను చెప్తా." ఫణికృష్ణ గొంతు సవరించుకున్నాడు. మైకు లేకుండా మాట్లాడటం అతనికి ఇంత కష్టమని ఇన్నాళ్లూ తెలియలేదు. "నువ్వంటే నాకు ఇష్టం. ఇప్పటిది కాదు. ఇన్నాళ్లూ ఎందుకు చెప్పలేదంటే, నీకు శాలువాలు కప్పుతారు. నేను పందిరి గుంజలు పాతించేవాణ్ణి. ఉప్పూ పప్పూ అమ్ముకునేవాణ్ణి."

"అయిపోయిందా?"

"అయిపోయింది."

"గుంతకల్లులో, హైదరాబాదులో ఎన్నో మ్యాచ్‌లు ఆడినా. చప్పట్లు కొట్టేవాళ్లు బాగానే కొట్టినారు. కానీ నేను పడితే నోరు ఎండిపోయేవాడు యాడా దొరకలేదు." ఆమె శాలువా అంచు సర్దుకుంది. "నిన్న బస్ షెల్టర్‌లోనే చెప్తావేమో అనుకున్నా. వాన తగ్గేదాకా చూసినా. సీటు తుడిచినావు గానీ నోరు తెరవలేదు."

ఫణికృష్ణ ముఖం వెలిగిపోయింది. ఏదో అనబోయాడు. ఈసారి మాట రాకపోవడం అతని వంతు అయింది. సంధ్యారాణి చెయ్యి చాపింది. అతను ఆ చేతిని అందుకున్నాడు.

"అమ్మా సంధ్యా!"

చేతులు విడిపోయాయి. గొడుగు మూస్తూ ఓబులేసు వరండా ఎక్కాడు. కూతుర్ని చూశాడు. గోడకు అతుక్కుపోయిన ఫణికృష్ణను చూశాడు.

"ఏందమ్మా, సార్ ఏం చెప్పినాడంట? ఊరంతా నన్నే అడగతాన్నారు."

సంధ్యారాణి నేల చూపులు చూసింది. "ఫణి ఇంటికొచ్చి చెప్తాడంట నాయనా."

ఓబులేసు గొడుగు నీళ్లు నిదానంగా దులిపాడు. వైశ్యుల ఇంటి పిల్లోడు, తమ కులం కాదు. కూతురు ముఖం చూస్తే, ఆమె రాష్ట్ర జట్టుకు ఎంపికైన రోజున కూడా అంత వెలుగు చూసిన గుర్తు లేదు. వరండా చూరు నుంచి నీళ్లు కారుతూనే ఉన్నాయి.

"అయితే మీ అమ్మను పిలుచుకుని రా నాయనా," అన్నాడు చివరికి ఫణికృష్ణతో. "ఇట్లాంటి మాటలు ఒక్కడివే వచ్చి చెప్తే నాకు సరిగ్గా వినపడవు."