రామవ్వ పాలు

పటేలింటి బండి మనూరు దారిలోని గుడిసెల ముందు ఆగేసరికి రామవ్వ జొన్నలు చెరుగుతున్నది. బండి దిగిన మనిషిని చూడగానే ఆమె చేతిలో చాట ఆగిపోయింది. అతను మాణిక్యప్ప. నారాయణఖేడ్‌లో పటేల్ జగన్నాథ్ ఇంటి పనులన్నీ చూసేది అతనే.

"దొర్సాని రమ్మంటుంది," అన్నాడు మాణిక్యప్ప. "మల్ల కొడుకు పుట్టిండు. ఎవ్వరి పాలూ తాగుతలేడు. ఎండిపోతుండు రామవ్వా. పటేలు హకీమును తెస్తనని బీదరు పోయిండు."

"వేరే పాలదాదులు లేరా?"

"వచ్చినోళ్లంత పారిపోయిన్రు."

"ఎందుకు?"

మాణిక్యప్ప ఎద్దుల వైపు తిరిగి పగ్గాలు సర్దసాగాడు.

ఒకప్పుడు రామవ్వ ఆ ఇంట్లో పాలదాది. పటేల్ పెద్దకొడుకు సంగమేశ్వర్ ఆమె పాలతోనే పెరిగాడు. ఆమె కన్నకొడుకు మాత్రం అత్త కిష్టవ్వ దగ్గర గంజినీళ్ల మీద బతికాడు. వాడికి జ్వరం తగిలినప్పుడు, తల్లి పాలు ఒక్కసారి పట్టిస్తే నిలుస్తాడేమోనని కిష్టవ్వ వాణ్ణి భుజాన వేసుకుని ఖేడ్ దాకా నడిచి వచ్చింది. పటేలింటి దర్వాజ తీయలేదు. బయట అరుగు మీద ఏడ్చి ఏడ్చి వాడు పోయాడు. లోపల, పెద్దింటి పిల్లవాడిని ఒళ్లో పెట్టుకుని, రామవ్వ ఆ ఏడుపు విన్నది. ఎవరి పిల్లడోననుకున్నది. సంగతి తెలిసిన పొద్దున ఉయ్యాల తాడు వదిలేసి నడిచి వచ్చేసింది. దర్వాజ నౌకర్లు మూశారని, తనకేమీ తెలియదని దొర్సాని విజయమ్మ కబురు పంపింది.

"పోకు," అన్నది కిష్టవ్వ. ఆమె ఒళ్లో రామవ్వ కూతురు, పసిగుడ్డు, నిద్రపోతున్నది. "గా ఇంటి గడప తొక్కకు."

"పాలియ్యనీకి కాదత్తా," అన్నది రామవ్వ కొంగు దోపుకుంటూ. "ఇయ్యనని ఆమె మొకం చూసి చెప్పనీకి పోతున్న."

దీపాలు పెట్టే వేళకు బండి పటేలింటికి చేరింది. ఎప్పుడూ జనంతో కిటకిటలాడే ఇంట్లో అలికిడి లేదు. బాలింత గదిలోంచి వాము పొగ వాసన వస్తున్నది. దాని కింద మరో వాసన... విరిగిపోయిన పాల వాసన. గది మూలన చాప మీద సంగమేశ్వర్ ముడుచుకుని నిద్రపోతున్నాడు. ఎంత పొడుగయ్యాడో!

విజయమ్మ జుట్టు విరబోసుకుని కూర్చుని ఉన్నది. రామవ్వను చూడగానే లేచి చేతులు పట్టుకున్నది.

"నీ కాళ్లు మొక్కుత. ఒక్కసారి పట్టు."

దారి పొడుగునా మననం చేసుకున్న మాట రామవ్వ నాలుక మీదికి వచ్చింది. అంతలో పసివాడు కీచుమన్నాడు. ఏడ్చే ఓపిక కూడా లేని గొంతు. ఆ గొంతు వినగానే పాలు చేపుకొచ్చి రామవ్వ రైక తడిసిపోయింది. ఒళ్లు ఆమె మాట వినలేదు. కూలబడి, పసివాణ్ణి తీసుకుని రొమ్ముకు పెట్టుకున్నది.

వాడు నోరు తెరవలేదు. ఆమె మరో భుజం వైపే చూస్తున్నాడు. రెప్ప వేయకుండా.

అప్పుడు రెండో రొమ్మును ఒక నోరు అందుకున్నది.

చల్లటి నోరు.

రామవ్వ కిందికి చూసింది. ఎవరూ లేరు. రైక అంచు కదులుతున్నది. పాలు పోతున్నాయి... ఒక్క చుక్క కింద పడడం లేదు. మెడలోని నల్లపూసలు వాటంతట అవే ముందుకు సాగి, గాలిలో బిగుసుకున్నాయి. తాను ఈ ఇంటికి దాదిగా రాకముందు, పాలు తాగేటప్పుడు పూసలు గుంజే అలవాటు ఒక్కడికే ఉండేది.

"అందరికీ గిట్లనే అయింది," విజయమ్మ గుసగుసలాడింది. "ఎవరది రామవ్వా?"

"నా కొడుకు."

విజయమ్మ గోడకు జారగిలబడింది. "ఇడువుమని చెప్పు... నా బిడ్డకు ఒక్క గుక్క..."

"చెప్త. దర్వాజ ఎవరు మూసిన్రు?"

"నౌకర్లు..."

పూసలు ఇంకా బిగిశాయి. పసివాడి పెదవులు నీలంగా మారాయి.

"నేనే!" విజయమ్మ నోరు నొక్కుకుంటూ ఏడ్చింది. "గడియ నేనే ఏసిన. గా జ్వరం నా కొడుక్కు అంటుకుంటదని... నువ్వు ఎల్లిపోతవని..."

రామవ్వ పూసలు సాగిన వైపు వంగింది. "ఇన్నవా బిడ్డా?"

చప్పరించడం ఆగింది. పూసలు గుండెల మీద పడ్డాయి. పసివాడు గబుక్కున రొమ్ము అందుకుని గుటకలు వేయసాగాడు.

విజయమ్మ కళ్లు తుడుచుకునే లోపల, చాప మీద సంగమేశ్వర్ లేచి కూర్చున్నాడు. పెదవుల చివర పాలు కారుతున్నాయి. తల్లిని ఎవరో పరాయి మనిషిని చూసినట్టు చూశాడు. నడక, పరుగు అన్నీ వచ్చిన పిల్లవాడు నాలుగు కాళ్ల మీద పాకుతూ వచ్చాడు. రామవ్వ ఒళ్లో చేరి నల్లపూసలు పట్టుకున్నాడు.

బయట పెద్ద దర్వాజ మీద చిన్న చేతుల చప్పుడు.

"అమ్మా... నేను సంగూను... తియ్యే..."

విజయమ్మ పరుగెత్తింది. గడియ రాలేదు. మాణిక్యప్ప వచ్చి చెయ్యి వేసినా రాలేదు. బయట గొంతు ఏడ్చింది, బతిమాలింది, సన్నగిల్లింది. అది పూర్తిగా ఆగిపోయాక గడియ సులువుగా ఊడి వచ్చింది. అరుగు మీద ఎవరూ లేరు. విజయమ్మ అక్కడే కూలిపోయింది.

మాణిక్యప్ప గది గుమ్మంలోకి వచ్చాడు. "రామవ్వా... బండి కట్టాల్నా? ఇంటికి పోతవా?"

రామవ్వ ఒళ్లోని పెద్దవాడి తల నిమిరింది. ఇన్నాళ్లకు ఆమె ముఖంలో నవ్వు కనిపించింది.

"యాడికి పోతనే? నా కొడుకు ఈడనే ఉన్నడు. ఇగ నేను గూడ ఈడనే ఉంట. నువ్వు పోయి అత్తను, నా బిడ్డను తీస్కరా. జల్దీ పో."

మాణిక్యప్ప బండి కట్టి మనూరు దారికి తిప్పాడు. ఎద్దులు కదల్లేదు. చెర్నాకోల ఝళిపించినా చెవులు రిక్కించుకుని నిలబడ్డాయి. అప్పుడు బండి వెనక భాగం, అరుగు మీంచి ఎవరో చిన్నపిల్లవాడు దిగివచ్చి ఎక్కి కూర్చున్నట్టు, కొంచెం కిందికి వాలింది.

రామవ్వ కూతురు నిద్రపోతున్న గుడిసె వైపు ఎద్దులు నడక మొదలుపెట్టాయి.