సిదాబ్ చేతి కుట్టు

పెళ్ళికి ముందు హుమైద్‌కి నేను కుట్టిన టోపీ ఐదు నెలల పని. తెల్లబట్ట మీద సూదితో సన్నటి చిల్లులు పొడవాలి, ఒక్కో చిల్లు చుట్టూ దారం బిగించాలి. మా మస్కట్‌లో మగవాడి తలమీది టోపీ చూసి, కుట్టిన ఆడదాని ఓపిక ఎంతో చెప్పేస్తారు. అందుకే ఆ ఉదయం అతను కొత్త టోపీ పెట్టుకుని కాఫీకి కూర్చునేసరికి, నా చేతిలో ఖర్జూరాల పళ్ళెం అలాగే ఆగిపోయింది.

"ఎవరిచ్చారు?"

"ఏంటి?"

"ఆ నెత్తిమీదది."

హుమైద్ నవ్వాడు. "నువ్వే కదా! కారు సీటు మీద పెట్టేసి, ఇప్పుడు నన్నే అడుగుతావేం?"

నేను నవ్వలేదు. కళ్ళలోకి చూస్తూ ఇంత తేలిగ్గా అబద్ధమాడగలడా అనుకున్నాను. "సరే, ఇటివ్వు, ఉతికిస్తాను" అన్నాను. అతను నేను కుట్టిన పాతది పెట్టుకుని రేవులోని ఆఫీసుకి వెళ్ళిపోయాడు.

టోపీని తిరగేసి చూశాను. లోపల ఒక్క ముడి లేదు. నువ్వుగింజలో సగం ఉన్న చిల్లులు. ఆవిడెవరో గానీ, హుమైద్ తల కొలత వెంట్రుకవాసి తేడా లేకుండా తెలుసు. కొలత తెలియాలంటే జుట్టులో వేళ్ళు పెట్టాలి. ఆ ఊహ వచ్చాక ఇంట్లో కూర్చోలేకపోయాను.

నేను పనిచేసే బడికి వేసవి సెలవులు. మేముండే అల్ ఖువైర్ నుంచి టాక్సీ ఎక్కి ముందు రువీకి వెళ్ళాను. అక్కడ సందుసందుకీ కుట్టుమిషన్లే. ఒక దర్జీ టోపీని వెలుతురుకి పెట్టి చూసి తిరిగిచ్చేశాడు. "ఇది మిషన్ పని కాదక్కా. చేత్తో కుట్టింది. మత్రాలో అడుగు."

మత్రా బజారులో మధ్యాహ్నానికి కొట్లు మూసేస్తున్నారు. సాంబ్రాణి వాసన ఇంకా సందుల్లో తేలుతోంది. టోపీల వ్యాపారి హాజీ మురాద్ కళ్ళద్దాలు తుడుచుకుని మరీ చూశాడు.

"సిదాబ్ కుట్టు తల్లీ, ఆ జాలర్ల ఊరి పని. లోపలినుంచి బయటికి పొడుస్తారు. ఇప్పుడీ పని వచ్చినవాళ్ళెవరూ లేరే!"

"ఒకావిడ ఉన్నట్టుంది."

"అయితే నా దగ్గరికి తీసుకురా. అడిగినంత ఇస్తాను. ఏం చెయ్యి, ఏం చెయ్యి!"

నా కుట్టుని పదేళ్ళుగా చూస్తున్నాడాయన. ఒక్కసారీ ఆ మాట అనలేదు.

సిదాబ్ వెళ్ళాలనగానే టాక్సీవాడు వెక్కిరించాడు. "ఈ ఎండలో అక్కడేముందమ్మా, పిల్లులు తప్ప?" పాత మస్కట్ కోటగోడలు దాటి, కొండ ఎక్కి దిగి, ఒడ్డున నన్ను వదిలేసి వెళ్ళిపోయాడు.

పిల్లులు కూడా లేవు. పడవలన్నీ ఇసుకలో బోర్లించి ఉన్నాయి. సముద్రం చప్పుడు చెయ్యడం లేదు. ఎండబెట్టిన చేపల వాసన గొంతులో పట్టేస్తోంది. నీడలో వల బాగుచేసుకుంటున్న ముసలావిడ టోపీని పట్టుకుని, కాలినట్టు వెంటనే నా చేతుల్లో పడేసింది.

"చివరి సందు. నీలం తలుపు" అంది నా మొహం చూడకుండా. "గుమ్మం దగ్గరే నిలబడి అడుగు. లోపలికి మాత్రం పోకు."

తలుపు తెరిచే ఉంది. ఎండలోంచి చూస్తే లోపలంతా చీకటి. ఆరిపోయిన సాంబ్రాణి వాసన, తడిగోడల వాసన. గంజి పెట్టిన బట్టని సూది పొడిచే చప్పుడు... టుక్... టుక్...

మూలన ఒకామె వీపు ఇటు పెట్టి కూర్చుంది. మోచెయ్యి ఒక్కటే కదులుతోంది.

"ఎవరికి కుడుతున్నావు?" అన్నాను.

"నా మనిషికి."

"ఆ మనిషికి పేరు లేదా?"

"నీకు తెలీదా జువైనా?"

ఆ ఊళ్ళో నా పేరు ఎవరికీ చెప్పలేదు. అయినా భయం కంటే కోపమే ముందొచ్చింది.

"అతనికి పెళ్ళయింది."

"తెలుసు." టుక్. "నీ కుట్టూ చూశాను. లోపల ముడులు వదిలేశావు. అతని నుదురు గీసుకుపోతుంది... నీతో ఎప్పుడూ అనలేదా?"

ఒళ్ళు మండిపోయింది. ఆమె మొహం చూసి తీరాలనుకున్నాను. ఒక్క అడుగు... గుమ్మం దాటింది.

చప్పుడు ఆగింది.

మోచెయ్యి ఆగింది.

ఆమె ఇటు తిరగలేదు. చెయ్యి మాత్రం వెనక్కి చాపింది. "నీ వేళ్ళు ఇటివ్వు... చూడనీ."

తలుపులోంచి పడిన వెలుతురు ఆ చేతి మీద పడింది. కాదు... చేతిలోంచి అటువైపుకి పడింది. వేళ్ళనిండా చిల్లులు. రక్తం లేదు. ఒక్కో చిల్లు చుట్టూ తెల్లదారం... పొందికగా బిగించి ఉంది.

టోపీ ఎక్కడ జారిపోయిందో తెలియదు. ఒడ్డుకి వచ్చి పడ్డాక ముసలావిడ నీళ్ళు పట్టింది.

"లోపలికి పోయావు కదూ?"

"ఎవరవ్వా ఆమె?"

"మా షన్నూనా. నా చెల్లెలి కూతురు. రేవులో పనిచేసే కుర్రాడు హుమైద్‌కి ఇద్దామని మాట ఇచ్చేశాం. అతని కోసం టోపీ మొదలుపెట్టి, సగంలో జ్వరమొచ్చి పోయింది. పదకొండేళ్ళయింది." వలని ఒళ్ళోకి లాక్కుని, మెల్లగా అంది. "ఆ తలుపుకి నేనే తాళం వేశాను. అతని పెళ్ళి కబురు తెలిసిన రోజు నుంచీ... వేసిన తాళం వేసినట్టు ఉండటం లేదమ్మాయ్."

సాయంత్రం హుమైద్‌కి అంతా చెప్పాను. అతను తలమీది టోపీ తీసి ఒళ్ళో పెట్టుకున్నాడు.

"ఆ పేరు చెబితే బాధపడతావని దాచాను. టోపీ మాత్రం నువ్వు కుట్టావనుకునే పెట్టుకున్నాను. నిజం, జువైనా."

నమ్మాను. నమ్మినా, నోరు ఊరుకోలేదు.

"నా ముడులు గుచ్చుకుంటాయా?"

అతను నుదురు తడుముకున్నాడు. 

"ఆమె అందగత్తెనా?"

దానికీ జవాబు రాలేదు. ఆ చీకటి గదిలో భయపడ్డాను, నిజమే. కానీ ఈ మౌనం దగ్గర రగిలిపోయాను. చనిపోయినదాని మీద కూడా ఇంత కుళ్ళు ఉంటుందని నాకు అప్పటిదాకా తెలియదు. ఆ రాత్రే నా టోపీ ముందేసుకుని, ముడులన్నీ విప్పి మళ్ళీ కుట్టడం మొదలుపెట్టాను.

శుక్రవారం హుమైద్ నమాజుకి వెళ్ళాడు. పని ముందుకు సాగిద్దామని కుట్టుబుట్ట మూత తీశాను. నా దారపు ఉండల మీద పిడికిలంత టోపీ ఒకటి కూర్చుని ఉంది.

చంటిపిల్లాడిది. లోపల ఒక్క ముడి లేదు. ఆఖరి చిల్లు సగమే కుట్టి ఉంది. దారం చివర సూది ఇంకా ఊగుతోంది.

నాకు నెల తప్పిన సంగతి హుమైద్‌కి కూడా చెప్పలేదు.